టీవీ జరిపిన గట్టు

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మెట్లు దిగి నా వెంట రండి. టైము తొమ్మిదిన్నర. మెడలో ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్ బ్యాగు, చెవిలో పాట, చూపు ఫోన్లో. అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. వాళ్ళ వెనకే మనమూ. అదిగో, గుండ్రటి భవనం, సైబర్ టవర్స్. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన రోజున చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా రాళ్ళ గుట్టలే. ఇవాళ అద్దాల మేడల మధ్య ఇది పొట్టిగా కనిపిస్తుంది.

లిఫ్టు దిగి నాలుగడుగులు వేస్తే మా చిన్న ఆఫీసు. ఈ అద్దాల గదిలోకి రండి. గోడకి 55 అంగుళాల 4కే టీవీ. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. పది గంటలకి క్లయింటుతో కాల్. నేను చేయాల్సిందల్లా నా లాప్‌టాప్‌లో ఉన్న ఎక్సెల్ షీటుని ఆ టీవీలో చూపించడం. కేబుల్ తగిలిస్తే అయిపోతుందనే అనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది.

బల్ల మధ్యలో ఉన్న చెక్క మూత ఎత్తండి. లోపల కేబుళ్ళు చిక్కుపడి ఉన్నాయి. నీలం తలకాయ, రెండు పక్కలా తిప్పే మరలు ఉన్నది వీజీఏ. 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి. ఈ భవనం తెరిచిన రోజుల్లో ప్రొజెక్టరుకి తగిలించేది ఇలాంటిదే. పక్కనే నల్లగా ఉన్నది హెచ్‌డీఎంఐ. దాని మొదటి ప్రమాణం 2002 డిసెంబర్‌లో వచ్చింది. అంటే సైబర్ టవర్స్ కన్నా ఈ కేబుల్ నాలుగేళ్ళు చిన్నది.

నా లాప్‌టాప్ మరీ పల్చనిది. దానికి హెచ్‌డీఎంఐ దూరే చోటే లేదు, ఉన్నవన్నీ టైప్-సి పోర్టులు. వాటిలోనూ ఒక మెలిక ఉంది. అన్ని టైప్-సి పోర్టులూ బొమ్మని బయటికి పంపలేవు, కొన్ని చార్జింగుకీ ఫైళ్ళకీ మాత్రమే పనికొస్తాయి. నా దాంట్లో ఎడమ చేతి వైపుది పంపుతుంది. టైప్-సిని హెచ్‌డీఎంఐకి మార్చే డాంగిల్ బల్ల మీద పడి ఉంటే, దాన్ని ఆ పోర్టుకి గుచ్చి, డాంగిల్‌కి కేబుల్ తగిలించాను.

టీవీ నల్లబడింది. ఒక్క క్షణం. రెండు.

ఈ రెండు క్షణాల్లో జరిగేది మన కళ్ళకి కనబడదు. హెచ్‌డీఎంఐ తలలో 19 పిన్నులున్నాయి. వాటిలో ఒకటి ‘ఎవరో వచ్చారు’ అని కబురు చెబుతుంది. ఆ కబురు అందగానే లాప్‌టాప్ ఇంకో రెండు పిన్నుల మీదుగా టీవీ బయోడేటా అడుగుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలో ఉండే కాగితం లాంటిదే అది. ఎవరి తయారీ, పొడుగూ వెడల్పూ ఎంత, ఏయే కొలతల బొమ్మ చూపగలదు, వాటిలో తనకు నచ్చింది ఏది. మొదటి పేజీ 128 బైట్లు. పేరు ఈడీఐడీ. ‘నాకు నచ్చిన కొలత’ అని టీవీ అందులో ఏం రాసుకుందో, మామూలుగా విండోస్ దాని పక్కనే ‘రికమెండెడ్’ అని చూపిస్తుంది. విండోస్‌కి సొంత తెలివేం లేదు. టీవీ చెప్పుకున్నదే అది మనకి చెబుతుంది.

బొమ్మ వచ్చింది. కానీ చూడండి, కుడి ఎడమల రెండు నల్ల పట్టీలు. నా లాప్‌టాప్ తెర 1920×1200. టీవీ తెర అంతకన్నా వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న పదహారుకి తొమ్మిది. ఇద్దరికీ ఒకే బొమ్మ చూపించమంటే ఎవరికో ఒకరికి చొక్కా వదులవుతుంది. విండోస్ మీటతో కలిపి ‘పి’ నొక్కాను. పక్కన నాలుగు వరుసలు వచ్చాయి: లాప్‌టాప్‌లో మాత్రమే, రెండింట్లో ఒకటే, రెండూ కలిపి ఒకే పెద్ద తెరలా, టీవీలో మాత్రమే. మూడోది ఎంచుకున్నాను. షీటు టీవీలో ఉంటుంది, వాట్సాప్ నా దగ్గరే ఉంటుంది. ‘భోంచేశావా’ అని అమ్మ అడిగింది క్లయింటు చదవక్కర్లేదు.

నల్ల పట్టీలు పోయాయి. 3840 అడ్డం, 2160 నిలువు. మొత్తం 82,94,400 చుక్కలు. గర్వంగా మౌసు కదిపాను. బాణం గుర్తు బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. షీటుని కిందికి జరిపితే అంకెలు తడబడుతూ కదిలాయి.

తొమ్మిదీ యాభై. సపోర్ట్ కుర్రాడికి ఫోన్ చేశాను. నడుముకి కట్టుకున్న సంచితో వచ్చాడు. నన్నేమీ అడగలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, దాంట్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి ఒక అంకె మీద వేలు పెట్టాడు. 30 హెర్ట్జ్.

“టీవీ మంచిదే మేడం, కేబుల్ గూడ మంచిదే. ఈ డాంగులే పాతది.”

అది హెచ్‌డీఎంఐ 1.4 కాలం నాటిది. 2009లో వచ్చిన ఆ ప్రమాణం సెకనుకి 10.2 గిగాబిట్లు మోస్తుంది. 4కే బొమ్మని సెకనుకి 30 సార్లు పంపేసరికి దాని పని అయిపోతుంది. అరవై సార్లు కావాలంటే 2013లో వచ్చిన 2.0 ఉండాలి, దాని మోత 18 గిగాబిట్లు. లాప్‌టాప్, డాంగిల్, కేబుల్, టీవీ పోర్టు, ఈ నాలుగింటిలో ఏది వెనకబడితే మిగతా మూడూ దాని నడకే నడవాలి. సినిమాకి ముప్పై చాలు. మౌసు పట్టుకుని పనిచేసేవాడికి చాలదు.

“కొత్తది తెప్పిస్త. ఇప్పటికైతే 1920 పెట్టుండ్రి.”

“4కే టీవీ పెట్టుకుని 1080 చూపించాలా?”

“ఎక్సెల్ చూసేటోళ్ళకి అక్షరం పెద్దగుండాలె మేడం. చుక్కలు ఎక్కువుండుడు దేనికి?”

అతని మాటలో లెక్క కూడా ఉంది. 1920కి రెట్టింపు 3840, 1080కి రెట్టింపు 2160. పంపిన ఒక్కో చుక్కకి టీవీలో సరిగ్గా నాలుగు చుక్కల గడి దొరుకుతుంది. ముక్కలు మిగలవు, అతుకులు పడవు. 1920×1080, 60 హెర్ట్జ్ పెట్టాం. బాణం గుర్తుకి ప్రాణం వచ్చింది.

వెళ్ళబోతూ అతను రిమోట్ తీసుకుని, ‘హెచ్‌డీఎంఐ 1’ అని ఉన్న ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’ అని మార్చాడు. తెర ఒకసారి ఆరి వెలిగింది.

“పేరు ఏదైతే ఏంటి తమ్ముడూ?”

“అది గట్లనే ఉండాలె మేడం.”

అవతలి గదిలోంచి ఇంకెవరో పిలిచారు. అతను వెళ్ళిపోయాడు. పేరు మార్చాక తెరలో ఏం తేడా వచ్చిందో చూసే తీరిక నాకూ లేదు. పది అయింది. కాల్ నడిచింది, ముగిసింది. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ఇలాంటి విషయాల్లో అదే మంచి వార్త.

సాయంత్రం ఏడున్నరకి కొండాపూర్‌లో మా ఇంటికి రండి. శిల్పారామం దాటి, కొత్తగూడ కూడలి దాటి, హారన్ల మధ్య ముప్పావుగంట. చెప్పులు ఇక్కడ విడవండి. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది మా నాన్న. పొద్దునే తెనాలి నుంచి వచ్చారు. ఒళ్ళో పాత దస్తావేజు ఉన్న ప్లాస్టిక్ కవరు, చేతిలో ఫోను. ఆ ఫోన్లో ఒక పీడీఎఫ్ ఉంది. ఊళ్ళో మా మాగాణి సర్వే నంబరు పటం. మా వైపు దాన్ని ఎఫ్‌ఎంబీ అంటారు. సోమవారం సర్వేయరు వచ్చి కొలుస్తాడు. తూర్పు గట్టు విషయంలో పక్క పొలం వాళ్ళకీ మాకూ మూడేళ్ళుగా మాటలు లేవు.

“ఫోన్లో అంకెలు ఆనటం లేదమ్మా. ఆ టీవీలో పెట్టు.”

ఆ టీవీ 32 అంగుళాలది, పాతది. పైన ‘హెచ్‌డీ రెడీ’ స్టిక్కరు ఇంకా ఊడలేదు. నా పాత లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కాబట్టి డాంగిల్ గొడవ లేదు. కేబుల్ తగిలించాను, పటం తెర నిండా తెరిచాను. నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

మీరూ దగ్గరికి రండి. ఇది ఒక్క పొలం బొమ్మ. మూలల్లో హద్దురాళ్ళ గుర్తులు, రాయికీ రాయికీ మధ్య దూరం లింకుల్లో. వంద లింకులు ఒక గొలుసు, గొలుసంటే 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంచుల వెంట పక్క పొలాల నంబర్లు. నాన్నకి కావాల్సిన సంగతంతా ఈ అంచుల్లోనే ఉంది.

నాన్న లేచి, టీవీకి జానెడు దూరంలో నిలబడి, వేలితో వెతికారు.

“తూర్పు గట్టు ఏదమ్మా?”

ఉండాల్సిన చోట టీవీ అంచు ఉంది. గీతా లేదు, పక్క పొలం నంబరూ లేదు. లాప్‌టాప్‌లోకి తొంగిచూశాను. అక్కడ గట్టు ఉంది, నంబరుంది, రాయి గుర్తుంది. మళ్ళీ టీవీ చూశాను. పైన కుడి మూలన ఉండాల్సిన ఇంటు గుర్తు సగమే ఉంది. కింద టాస్క్‌బార్ నడుం దాకా నేలలో పాతుకుపోయింది. గడియారం అంకెల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. నాన్న లాప్‌టాప్‌నీ టీవీనీ మార్చి మార్చి చూశారు.

“టీవీ మన గట్టు జరిపేసిందే!”

మా ఊళ్ళో గట్టు ఒక్క రాత్రిలో జరగదు. ఏటా దున్నేటప్పుడు ఒక్క చాలు పక్కకి. పదేళ్ళకి చూసుకుంటే మూర పోయి ఉంటుంది. ఈ టీవీ మాత్రం ఒకేసారి నాలుగు దిక్కులా దున్నేసింది.

ఎంత పోయిందో లెక్కేద్దాం. పాత టీవీలు ఒక్కో వైపు రెండున్నర శాతం మేర కోయడం మామూలే. లాప్‌టాప్ 1920×1080 పంపితే ఎడమ 48, కుడి 48, పైన 27, కింద 27 చుక్కలు పోతాయి. మిగిలేది 1824×1026. వైశాల్యంలో చూస్తే వందకి తొమ్మిదిముప్పావు పోయినట్టు. నాన్నకి శాతాలు పట్టవు గానీ ఎకరానికి వంద సెంట్లని తెలుసు.

“ఎకరాకి పది సెంట్లా! కోర్టుకి ఈడ్చాల్సిన టీవీ.”

తప్పు ఈ టీవీదని కూడా అనలేం. ఇది తాతల నాటి అలవాటు. దూరదర్శన్ రోజుల డబ్బా టీవీలు గుర్తున్నాయా? పిక్చర్ ట్యూబులో బొమ్మ అంచులు ఎప్పుడూ నిలకడగా ఉండేవి కావు. కరెంటు తగ్గితే ముడుచుకునేవి, సెట్టు పాతబడితే వంకర్లు పోయేవి. ఆ అవకతవకలు కనబడకుండా బొమ్మని కొంచెం పెద్దది చేసి, అంచుల్ని చట్రం వెనక్కి తోసేవారు. దీన్నే ఓవర్‌స్కాన్ అన్నారు. ప్రసారం చేసేవాళ్ళూ అంచుల్లో ముఖ్యమైనదేదీ పెట్టేవారు కాదు. ట్యూబులు పోయి చదును తెరలు వచ్చాయి, ఇప్పుడు వంకర పోయే అంచే లేదు. అలవాటు మాత్రం చాలా టీవీల్లో మిగిలింది. సినిమా చూస్తుంటే ఆకాశం అంచు పోయినా ఎవరికీ పట్టదు. లాప్‌టాప్ తగిలించిన రోజున టాస్క్‌బారూ గట్టూ పోతాయి.

అప్పుడు గుర్తొచ్చాడు పొద్దుటి కుర్రాడు. ఇన్‌పుట్ పేరు ‘పీసీ’ అని ఎందుకు మార్చాడో ఇప్పుడు అర్థమైంది. చాలా టీవీలకి అది ఉత్త పేరు కాదు. ‘వచ్చేది సినిమా కాదు, కంప్యూటరు, అంచులు కోయకు, మెరుగులు దిద్దకు’ అని చెప్పడం.

మా పాత టీవీలో ఆ పేరు మార్చే వసతి లేదు. రిమోట్ తీసుకుని బొమ్మ సైజు మెనూలోకి వెళ్ళాను. ఈ సర్దుబాటుకి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ఎల్‌జీ వాళ్ళు ‘జస్ట్ స్కాన్’ అంటారు, శాంసంగ్ వాళ్ళు ‘స్క్రీన్ ఫిట్’, సోనీ వాళ్ళు ‘ఫుల్ పిక్సెల్’. పేరు ఏదైనా అర్థం ఒకటే: వచ్చింది వచ్చినట్టు చూపించు. మార్చగానే పటం నాలుగు వైపులా వెనక్కి జరిగింది. తూర్పు గట్టు లోపలికి వచ్చింది. గడియారానికి ఒళ్ళు వచ్చింది.

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది, మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్ళి బొమ్మనే కాస్త చిన్నది చేసి పంపడం. అంచులు కనిపిస్తాయి, నిజమే. కానీ లాప్‌టాప్ కుదించిన దాన్ని టీవీ మళ్ళీ సాగదీస్తుంది, మధ్యలో అంకెలు నలిగిపోతాయి. టీవీ మెనూలో ఎంత వెతికినా దారి దొరకనప్పుడే దాని జోలికి వెళ్ళాలి. గట్టు జరిగితే రాయి సరైన చోట పాతాలి గానీ, పటాన్ని చిన్నది చేసుకుంటామా?

నాన్న మళ్ళీ ముందుకి వంగారు. “గట్టు వచ్చిందిలే. ఇది మూడా, ఎనిమిదా?”

చూడండి, నిజంగానే తెలియడం లేదు. లింకుల లెక్కలో మూడుకీ ఎనిమిదికీ తేడా అయిదు లింకులు, అంటే మూడు అడుగుల పైమాట. గట్టు మొత్తం అందులో ఇమిడిపోతుంది.

కారణం ఆ స్టిక్కరులో ఉంది. ‘హెచ్‌డీ రెడీ’ 32 అంగుళాల టీవీల్లో ఎక్కువ వాటికి ఉండే చుక్కలు 1366×768. లాప్‌టాప్ పంపుతున్నది 1920×1080. పంపిన చుక్కలు ఇరవై లక్షల పైన, పట్టే చోటు పదిన్నర లక్షలు. అడ్డంగా ఒక్కో చుక్కలో దాదాపు ఒకటిన్నర చుక్కని కుక్కాలి. పొద్దుటి లాగా సరిగ్గా రెట్టింపో సగమో అయితే ఇబ్బంది లేకపోయేది. ఇక్కడ అతుకుల లెక్క. మూడు ఎనిమిదవుతుంది.

మరి టీవీ తన బయోడేటాలో 1366 అని రాసుకోవచ్చుగా? చిక్కు అక్కడే. టీవీల లోకంలో వాడుక కొలతలు 720, 1080. 1366 కంప్యూటర్ల నుంచి వచ్చిన అంకె. 768 వరుసలుంచి పదహారుకి తొమ్మిది ఆకారం కావాలంటే వెడల్పు 1365.33 రావాలి. మూడో వంతు చుక్క తయారుచేయలేరు గనక 1366 చేశారు. ఆ బయోడేటాలోని ఒక పాత గడిలో వెడల్పుని ఎనిమిదుల లెక్కన రాయాలి. 1366 ఎనిమిదితో తెగదు, 1360 తెగుతుంది. అందుకే చాలా చోట్ల మనకి దొరికేది 1360×768.

అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో అడాప్టర్ ప్రాపర్టీస్, దాంట్లో ‘లిస్ట్ ఆల్ మోడ్స్’. కిందికి దిగుతూ వెళ్ళాను. ఉంది, 1360×768, 60 హెర్ట్జ్. విండోస్ మీట, ‘పి’, టీవీలో మాత్రమే. తెర ఆరింది, వెలిగింది. అటు మూడు, ఇటు మూడు నిలువు వరుసలు నల్లగా మిగిలాయి.

“ఆరు వరుసలు బీడు పడ్డాయి నాన్నా.”

“పడనీ. అంకె తెలిసింది. ఎనిమిది.”

ఇంకొక్కటి మిగిలింది. గట్టు గీత పక్కనే తెల్లటి నీడలా ఇంకో గీత. “ఇదేంది, రెండో గట్టా?” అన్నారు నాన్న, నిజంగానే అనుమానంగా. అది షార్ప్‌నెస్. మొహాలు తేటగా కనిపించాలని టీవీ గీతల పక్కన మెరుగు గీస్తుంది. కాగితం చూసేటప్పుడు ఆ మెరుగు అబద్ధమవుతుంది. షార్ప్‌నెస్‌ని పూర్తిగా కిందికి దించాను. రెండో గట్టు పోయింది.

నాన్న కవరులోంచి దస్తావేజు తీసి, నాలుగు దిక్కుల హద్దులూ పైకి చదివారు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఒక్కో దిక్కు చదవడం, తల ఎత్తి టీవీలో ఆ అంచు చూడడం, పెన్సిలుతో టిక్కు పెట్టుకోవడం. నాలుగు టిక్కులు పడ్డాక కాగితం మడిచి కవరులో పెట్టి, “అన్నం పెట్టమ్మా” అన్నారు.

మీరు ఇంటికి వెళ్ళాక మీ టీవీకి ఒకసారి లాప్‌టాప్ తగిలించి చూడండి. కింద కుడి మూలన గడియారం, పైన కుడి మూలన ఇంటు గుర్తు పూర్తిగా కనిపించాలి. కనబడకపోతే ముందు టీవీ రిమోట్ పట్టుకోండి, లాప్‌టాప్ జోలికి తర్వాత వెళ్ళొచ్చు. ఆ తర్వాత మీ టీవీకి నిజంగా ఎన్ని చుక్కలున్నాయో మాన్యువల్లో చూసి, లాప్‌టాప్‌లో అదే అంకె పెట్టండి. అది జాబితాలో లేకపోతే దానికి దగ్గరదో, సరిగ్గా సగమైనదో ఎంచుకోండి. మౌసు ఈడ్చుకుంటూ వస్తుంటే హెర్ట్జ్ 30 ఉందేమో చూడండి. అయిదు నిమిషాల పని ఇది. మా టీవీ కొన్న నాటి నుంచీ అంచులు కోస్తూనే ఉంది. పొలం పటం పెట్టేదాకా మాలో ఒక్కరమూ గమనించలేదు.